మిద్దె మీద కరెంటు ముచ్చట

రాత్రి 9కి కరెంటు పోయింది. అనంతపురం ఎండాకాలం తెలిసిందే కదా, చాప చుట్టుకొని మిద్దెక్కినాం. 2024 మేలో లడఖ్‌లోని హాన్లేలో ఎర్రబడిన ఆకాశం ఫొటో ఫోన్లో ఉంటే అవ్వకు చూపించినా.

"యాడన్నా అడివి అంటుకుందేమోరా అబ్బీ?" అనింది.

కాదవ్వా, అదీ కరెంటు పనే అన్నా. సూర్యుడి నుంచి వచ్చే గాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపితే, ధ్రువాల దగ్గర పై వాతావరణంలో లక్షల ఆంపియర్లు పారతాయి. దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు తగిలితే 100 కిలోమీటర్ల పైన ఆకుపచ్చగా, 200 దాటితే ఎర్రగా వెలుగు. మనకు కనబడేది ఆ వెలుగే గానీ, అంతకంటే ఎక్కువ శక్తి మన పై వాతావరణంలోని గాలిని కాగబెట్టడానికే పోతుంది, ఇస్త్రీ పెట్టెలో తీగ కాగినట్టు. కాగిన గాలి ఉబ్బి పైకి లేస్తుంది. 2022 ఫిబ్రవరిలో అప్పుడే ఎగరేసిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో 38 ఆ గాలి ఒరిపిడికే రాలిపోయినాయి. ఇట్లాంటి కుదుపుకే 1989 మార్చి 13న కరెంటు పోయి కెనడాలో క్యూబెక్ రాష్ట్రం 9 గంటలు చీకట్లో ఉండిపోయింది.

అవ్వ విసనకర్ర ఆపి, "అయితే ఇప్పుడు మనది పోయింది కూడా సూర్యుడి వల్లనేనా?" అనింది.

లేదవ్వా, మనది వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్.