సిరంజిలోంచి మళ్లీ నీళ్లే

సోమవారం కూడా సిరంజిలోంచి ఎముక సిమెంటు పేస్టుకు బదులు ముందు నీళ్లే వచ్చాయి. ప్లంజర్ నొక్కుతూ ఉంటే సూది కొసన ఒక చుక్క, ఇంకో చుక్క, ఆ తర్వాత బొటనవేలు నొప్పి పుట్టేదాకా నొక్కినా కదల్లేదు. విప్పి చూస్తే లోపల పొడి తడి ఇసుకలా బిగుసుకుపోయి ఉంది.

ఎముకలో ఖాళీని సూదితో నింపే కాల్షియం ఫాస్ఫేట్ సిమెంటు మీద మూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ పనిలోకి రావడానికి కారణం మా తమ్ముడు. చిన్నప్పుడు వాడి చేతి ఎముకలో తిత్తి తీసేసి, ఆ గుంతను వాడి తుంటి దగ్గరి ఎముక ముక్కలతోనే నింపారు. చెయ్యి మానింది. కోసిన తుంటి మాత్రం నెలల తరబడి నొప్పెట్టింది. మెట్లెక్కుతూ వాడు రైలింగ్ గట్టిగా పట్టుకోవడం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

ఆపరేషన్లలో ఎక్కువగా వాడే ఎముక సిమెంటు నిజానికి ఒక ప్లాస్టిక్, పీఎంఎంఏ. 1984లో ఫ్రాన్స్‌లో మొదటిసారి సూదితో వెన్నుపూసలోకి ఎక్కించింది దాన్నే. బలమైనదే, కానీ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కొత్త ఎముకకు చోటివ్వకుండా ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.

1980ల్లో అమెరికాలో దంతాల మీద పరిశోధన చేస్తున్న బ్రౌన్, చౌ ఇంకో దారి కనిపెట్టారు. రెండు రకాల కాల్షియం ఫాస్ఫేట్ పొడులను నీళ్లతో కలిపితే, అవి కొద్దికొద్దిగా కరుగుతూ ఒంటి వేడి దగ్గరే హైడ్రాక్సీఅపటైట్‌గా మళ్లీ పేరుకుంటాయి. మన ఎముకలోని ఖనిజం కూడా ఆ జాతిదే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే సన్నని పలకలు, సూదులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి. ఆ చిక్కులోనే దాని బలం. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు తెర ముందు నుంచి లేవలేకపోయాను.

అయితే ఇది పింగాణీలా పెళుసు. నొక్కితే తట్టుకుంటుంది, వంచితే విరుగుతుంది. కాబట్టి బరువు మోసే కాలి ఎముకలో ప్లేటు, స్క్రూలు తప్పవు. ఈ మాట చెప్పకుండా దీన్ని పొగిడేవాళ్లంటే నాకు కోపం.

ఇక నీళ్ల గొడవ. రేణువులు గరుకుగా, పెద్దగా ఉంటే ఒకదాని మీద ఒకటి జారవు, సందుల్లోంచి నీరు ముందే తప్పించుకుంటుంది. నీళ్లు ఎక్కువ పోస్తే పేస్టు సులువుగానే జారుతుంది, కానీ గట్టిపడ్డాక లోపలంతా రంధ్రాలు, బలం పోతుంది. అందుకే ఈ వారం పొడిని ఇంకా మెత్తగా నూరి, నీళ్లలో కొంచెం సోడియం సిట్రేట్ కలిపాను. అది రేణువులకు అంటుకుని వాటిని ఒకదాన్నొకటి దూరం నెట్టేలా చేస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం 37 డిగ్రీల ఉప్పునీటిలోకి నొక్కాను. తెల్లటి దారం తెగకుండా దిగింది! నీళ్లు మసకబారలేదు, పేస్టు చెదరలేదు. పక్కన పెట్టిన ముద్ద మీద గట్టిపడిందో లేదో చూసే 113 గ్రాముల గిల్మోర్ సూదిని నిమిషం నిమిషానికీ ఆనించి చూశాను. తొమ్మిదో నిమిషానికి ముద్ద మీద సూది ముద్ర పడలేదు. సిరంజి విప్పితే అడుగున మిగిలింది పల్చటి పొర మాత్రమే.

ఆరు ముక్కలు నీళ్లలో నానుతున్నాయి. రేపు ప్రెస్సు కింద పెట్టి నలగ్గొడితే బలమెంతో తెలుస్తుంది. టెన్షన్‌గానే ఉంది.