వంగిన షాఫ్టుతోనే పని

తెల్లవారకముందే అందరూ ఓడలో ఉండాలని నిన్న సాయంత్రం గట్టిగా చెప్పాను. వచ్చారు. విశాఖలో ఈ ఎండాకాలం నెలల్లో పొద్దున్న ఏడు దాటిందంటే డెక్కు మీద చెయ్యి పెట్టలేం. పై ప్లేట్లు ఎండకి వేడెక్కి సాగుతాయి, నీళ్లలో ఉన్న అడుగు భాగం చల్లగానే ఉంటుంది. దాంతో ఓడ మొత్తం కొంచెం వంగుతుంది, లోపల, ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ దాకా వెళ్లే ఉక్కు షాఫ్టుని మోసే బేరింగుల ఎత్తూ మారిపోతుంది. ఆ బేరింగుల మీద షాఫ్టు సరిగ్గా కూర్చుందో లేదో కొలవడమే మా పని. మేం చూసేది మిల్లీమీటరులో పదో వంతు లెక్కలు. ఎండ ఎక్కాక తీసిన రీడింగుని నేను నమ్మను.

ఈ సరుకు ఓడ రిపేరు ముగించుకుని డ్రైడాక్ నుంచి, అంటే నీళ్లు తోడేసి ఓడని రిపేరు చేసే చోటు నుంచి, నీళ్లలోకి దిగింది. డాక్‌లో దిమ్మెల మీద కూర్చున్నప్పుడు తీసిన రీడింగులన్నీ బాగున్నాయి. అయినా తేలాక మళ్లీ చూడాల్సిందే, ఎందుకంటే తేలే ఓడ ఆకారం వేరు. ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల్లో ఎంత నీళ్లున్నాయో రాసుకుని, ఇంజిన్ రూమ్ వెనక భాగంలోకి దిగాం. నాతో మేస్త్రిగారు, కొత్తగా చేరిన అప్రెంటిస్ కుర్రాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, అడగాలనిపిస్తే అడిగేస్తాడు. అది నాకు చాలా నచ్చింది.

జాక్ బిగిస్తుండగా అడిగాడు: "షాఫ్టు తిన్నగా ఉంటే చాలు కదా మేడం, ఇంత టెన్షన్ ఎందుకు?"

తిన్నగా ఎప్పుడూ ఉండదని చెప్పాను. షాఫ్టు చివర, ఓడ బయట, పన్నెండు టన్నుల ప్రొపెల్లర్ వేలాడుతోంది. అర మీటరుకి కాస్త తక్కువ మందం ఉన్న ఉక్కు కూడా ఆ బరువుకి వంగక తప్పదు. అలా వంగి, స్టెర్న్ ట్యూబ్‌లోని (షాఫ్టు ఓడ వెనక నుంచి బయటికి వెళ్లే గొట్టం) వెనక బేరింగు మీద, అందులోనూ దాని వెనక అంచు మీద ఎక్కువగా కూర్చుంటుంది. ఆ బేరింగు పొడవు షాఫ్టు మందానికి రెండింతలు, అంటే దాదాపు 90 సెంటీమీటర్లు. బేరింగుని తిన్నగా తొలిచి పెడితే బరువంతా ఆ అంచున ఉన్న కాస్త జాగా మీదే పడుతుంది, మిగతా పొడవంతా దండగ. అందుకే బేరింగునే కొంచెం వాలుగా తొలుస్తారు. షాఫ్టుకీ బేరింగుకీ మధ్య వాలు తేడా మీటరుకి 0.3 మిల్లీమీటర్లు మించకూడదన్నది మా పనిలో అందరూ పాటించే హద్దు. ఈ బేరింగు పొడవుకి లెక్కేస్తే పావు మిల్లీమీటరు పైచిలుకు. ఇక షాఫ్టు తిరిగేటప్పుడు దాన్ని మోసే ఆయిల్ పొర, బరువు ఎక్కువగా పడే చోట, కొన్ని పదుల మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందమనుకోవచ్చు. ఓడని ముందుకు నెట్టే ప్రొపెల్లర్ బరువంతా మోసేది అదే.

"అంత పల్చటి ఆయిల్ టన్నుల బరువు ఎలా మోస్తుంది?" అన్నాడు. దీని గురించి చెప్పడం నాకెప్పుడూ ఇష్టమే. 1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికని బేరింగు పైభాగంలో రంధ్రం చేశాడు. ఇరుసు తిరుగుతుంటే ఆయిల్ లోపలికి పోవడానికి బదులు పైకి పొంగుకొచ్చింది. బిరడా బిగిస్తే దాన్ని కూడా తోసేసింది. అక్కడ ప్రెషర్ గేజ్ పెట్టి చూశాక అర్థమైంది, తిరిగే ఇరుసే ఆయిల్‌ని సన్నబడే సందులోకి లాక్కెళ్లి అంత ఒత్తిడి పుట్టిస్తోందని. మూడేళ్ల తర్వాత, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి లెక్క కట్టాడు. ఇప్పటికీ మేం వాడే సాఫ్ట్‌వేర్ లోపల ఉన్నది ఆ సమీకరణమే. పంపు ఆయిల్‌ని అందిస్తుందంతే, షాఫ్టుని లేపేది దాని తిరుగుడే. అందుకే మరీ నెమ్మదిగా తిప్పినప్పుడు ఆ పొర పూర్తిగా ఏర్పడదు, లోహానికి లోహం తగులుతుంది. బేరింగు లోపలి పూత తగరం ఎక్కువగా ఉన్న వైట్ మెటల్. మెత్తనిది, 240 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది.

ఇంతలో మేస్త్రిగారు సంచిలోంచి ఒక చెక్క ముక్క తీసి కుర్రాడి చేతిలో పెట్టారు. దాని పేరు లిగ్నమ్ వైటే. 1854లో జాన్ పెన్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు పేటెంట్ తీసుకున్న దగ్గర్నుంచి చాలాకాలం ఓడలు ఈ చెక్క బేరింగుల మీదే నడిచాయి, సముద్రపు నీళ్లే లూబ్రికేషన్. ఆ ముక్క గోధుమ, పచ్చ రంగులు కలిసి, ముట్టుకుంటే మైనంలా జారుతుంది. బకెట్టులో వేస్తే నేరుగా అడుక్కి పోయింది. "మునిగే చెక్క అంటే నమ్మవు గదా నువ్వు" అన్నారు మేస్త్రిగారు.

తర్వాత కొలతలు. స్టెర్న్ ట్యూబ్‌కీ ఇంజిన్‌కీ మధ్యనున్న ఇంటర్మీడియట్ బేరింగు పక్కన జాక్, షాఫ్టు మీద అది ఎంత లేచిందో ముల్లుతో చూపే డయల్ గేజ్. మేస్త్రిగారు పంపు కొడుతుంటే కుర్రాడు ప్రెషరూ, ముల్లూ చదువుతున్నాడు, నేను గ్రాఫ్ మీద చుక్కలు పెడుతున్నాను. మొదట ప్రెషర్ పెరుగుతుంది గానీ ముల్లు దాదాపు కదలదు. ఒకచోట షాఫ్టు బేరింగుని వదులుతుంది, అక్కడి నుంచి గీత దారి మార్చుకుని తిన్నగా పోతుంది. దించేటప్పుడు జాక్‌లోని రాపిడి వల్ల అదే దారిలో రాదు. రెండు గీతల మధ్య సగటు తీసి వెనక్కి పొడిగిస్తే, బేరింగు మీదున్న బరువు తెలుస్తుంది. స్టెర్న్ ట్యూబ్‌లోనే ఇంజిన్ వైపున్న ముందు బేరింగు దగ్గరా ఇలాగే చేశాం. అన్నిటికంటే వెనకనున్న బేరింగు కింద జాక్ పెట్టడానికి దారే లేదు. దాని సంగతి మిగతావి చూసి లెక్క కట్టుకోవాల్సిందే.

ఫలితం నాకు నచ్చలేదు. ముందు బేరింగు మీద బరువు దాదాపు లేదు, ఇంటర్మీడియట్ మీద లెక్క కన్నా ఎక్కువ ఉంది. ముందు బేరింగు ఖాళీగా ఉంటే వెనక బేరింగులో షాఫ్టు వాలు పెరుగుతుంది, అంచు మీద భారం పెరుగుతుంది. అదృష్టం కొద్దీ ఇంటర్మీడియట్ బేరింగు ఇంకా ఎత్తు సవరించే జాకింగ్ బోల్టుల మీదే ఉంది, దాన్ని కదలకుండా నిలిపే రెజిన్ కింద పోయలేదు. 0.2 మిల్లీమీటర్లు దించి మళ్లీ కొలిచాం. ముందు బేరింగు బరువు తీసుకుంది. ఆ గ్రాఫ్ చూశాకే టీ తాగాలనిపించింది.

మధ్యాహ్నం రిపోర్టులో రెండు విషయాలు ఒత్తి రాశాను. ఒకటి ఆయిల్ గురించి. 2013 డిసెంబరు నుంచి అమెరికా జలాల్లోకి వెళ్లే ఓడలు, సముద్రానికి తగిలే ఇలాంటి చోట్ల త్వరగా కుళ్లి కలిసిపోయే ఆయిల్ వాడాలన్న నిబంధన ఉంది. ఈ ఓడలోనూ అదే వేశారు. షాఫ్టు చుట్టూ ఆయిల్‌ని ఆపే సీలు కారితే ఆయిల్ నేరుగా సముద్రంలోకే పోతుంది కాబట్టి ఆ నిబంధన సరైనదేనని నా గట్టి అభిప్రాయం. అయితే ఒత్తిడి పడినప్పుడు మామూలు మినరల్ ఆయిల్ చిక్కబడినంతగా ఈ రకాల్లో కొన్ని చిక్కబడవు. డబ్బా మీద అదే గ్రేడు ఉంది కదా అని పోసేస్తే సరిపోదు, పొర మందం కొత్తగా లెక్క వేయాలి.

రెండోది ట్రయల్ గురించి, అంటే రిపేరు తర్వాత ఓడని సముద్రంలో నడిపి చూడడం గురించి. సరుకు లేకుండా ఖాళీగా, ఫుల్ స్పీడులో పోతూ చుక్కాని ఒక్కసారిగా చివరిదాకా తిప్పొద్దని రాశాను. చీఫ్ ఇంజినీర్‌గారు దాని మీద వేలు పెట్టి ఆగారు. "చిన్న ట్రయలే కదమ్మా, కొన్ని నిమిషాల పని" అన్నారు. ఓడ బలంగా తిరిగేటప్పుడు నీళ్లు ప్రొపెల్లర్‌కి ఏటవాలుగా తగులుతాయని, ఆ తోపుకి షాఫ్టు చివర మామూలుగా ఉండే చోటు నుంచి పక్కకో కిందకో జరుగుతుందని, మనం పొద్దున్న సరిచేసిన వాలు ఆ కొన్ని నిమిషాలు ఎందుకూ పనికిరాదని గ్రాఫ్ వెనక బొమ్మ గీసి చూపించాను. వైట్ మెటల్ కరగడానికి ఆ నిమిషాలు చాలు. ఆయన కాసేపు చూసి, ముందు తక్కువ స్పీడులో కొన్ని గంటలు తిప్పి, వెనక బేరింగు టెంపరేచర్ నిలకడగా ఉందని చూశాకే మలుపులు మొదలుపెడదామన్నారు. మలుపులు కూడా చిన్న కోణంతోనే మొదలుపెట్టాలని ఆ పేజీ మీద తన చేత్తోనే రాసి, కాపీ ఒకటి ఓడని నడిపే బ్రిడ్జికి పంపించారు.