నొప్పి కీళ్లదే, నడిపించే ప్రోటీన్లు వేరు

జొన్నరొట్టె తట్టే చేతులకు కీళ్లవాతం వస్తే అది తెల్లవారుజామునే తెలిసిపోతుంది. కర్నూలులో ఉండే మా మేనత్తకు లేచాక గంటసేపు పిడికిలి ముడుచుకోదు. వేళ్ల మొదళ్లలోని కణుపులు రెండు చేతులకూ ఒకేలా వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ అవే వేళ్లు సడలి పనికి వస్తాయి. పక్కింటి పెద్దమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పి రోజంతా నడిచాక సాయంత్రానికి ముదురుతుంది. ఒకరి మాత్ర ఇంకొకరు వేసుకోవడం మన ఇళ్లలో మామూలే గాని, ఈ ఇద్దరి కీళ్లలో జరిగేది ఒకటి కాదు.

రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లే సైటోకైన్లు. మేనత్తకున్నది రోగనిరోధక శక్తి సొంత కీళ్ల మీదే దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్. అందులో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్లు కీలు లోపలి పొరలో ఎడతెగకుండా ఊరుతుంటాయి. టీఎన్ఎఫ్ వాపు తెప్పించడంతో ఆగక, ఎముకను తొలిచే కణాలను కూడా పెంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 రక్తం ద్వారా కాలేయానికి చేరి, ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. రక్తపరీక్షలో ఆ అంకె పెరిగేది అందుకే. ఇంటర్‌ల్యూకిన్-6 హెప్సిడిన్ అనే మరో పదార్థాన్ని కూడా పెంచి, ఒంట్లో ఉన్న ఇనుము కొత్త రక్తం తయారీకి అందకుండా చేస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా పాలిపోయి, నీరసించి ఉన్న ఆడమనిషిని సరిగా తినడం లేదని ఇంట్లోవాళ్లు కోప్పడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే దాని వెనుక వచ్చే మిగతా సంకేతాలు కూడా తగ్గుతాయని లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, మన లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ గుర్తించి, 1992లో మొదటిసారి రోగులకు టీఎన్ఎఫ్‌ను పట్టి ఆపే యాంటీబాడీ అనే ప్రోటీన్ మందును ఇచ్చి చూశారు. అయితే ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను కట్టడి చేసేది కూడా ఆ టీఎన్ఎఫ్ కనుక, మన దేశంలో ఈ ఇంజెక్షన్‌కు ముందు క్షయ పరీక్ష తప్పనిసరిగా చేయించుకోవాలి.

గౌట్ సంగతి వేరు: కీలులో పేరుకున్న యూరిక్ ఆమ్ల స్ఫటికాలు ఇంటర్‌ల్యూకిన్-1ను రేపడం వల్ల బొటనవేలు రాత్రికి రాత్రే ఎర్రగా ఉబ్బుతుంది. పెద్దమ్మకున్న మోకాలి అరుగుదలలో కూడా ఈ ప్రోటీన్లు కొంత కనిపిస్తాయి గాని, వాటిని అడ్డుకునే మందులు అక్కడ చెప్పుకోదగ్గ మేలు చేయలేదు. 2006లో రాయలసీమ పల్లెలను మంచాన పడేసిన చికున్‌గున్యాలో, నెలల తరబడి నొప్పులు వదలనివారిలో ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వెన్నెముక వాతం. సోరియాసిస్ అనే చర్మవ్యాధితో వచ్చే కీళ్లవాతంలోనూ, వెన్నును బిగదీసే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లోనూ ఇంటర్‌ల్యూకిన్-17దే పెద్ద పాత్ర. దానిని అడ్డుకునే మందు రెండింటికీ పనిచేస్తుంది. ఆ ప్రోటీన్‌ను పురికొల్పే ఇంటర్‌ల్యూకిన్-23ని అడ్డుకుంటే మాత్రం మొదటిదానికి గుణం కనిపించింది, రెండోదానికి కనిపించలేదు. స్నాయువు ఎముకకు అతుక్కునే చోట ఉండే కొన్ని కణాలు ఇంటర్‌ల్యూకిన్-23 నుంచి కబురు అందకుండానే ఇంటర్‌ల్యూకిన్-17ను తయారు చేసుకోగలవని, అందువల్లనే ఈ తేడా వచ్చి ఉండవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.