బుధవారం కూడిక తర్వాత

రాత్రి పది దాటింది. గిన్నెలు సర్దేసి, రేపటికి పిండి కలిపిపెట్టి ఇప్పుడే కూర్చున్నాను. పొద్దున బడి, మధ్యాహ్నం దిద్దాల్సిన నోటుబుక్కులు, సాయంత్రం స్త్రీల ప్రార్థన కూడిక. అన్ని బుధవారాల్లాగే గడిచింది. కూడికలో విన్న మాట మాత్రం రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

ఈ వారం బైబిలు వాక్యం ఫిలిప్పీయుల పత్రిక, అంటే అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, మూడో అధ్యాయం. సంకెళ్లలో ఉండి, ఎన్నో సంఘాలు స్థాపించిన తర్వాత కూడా పౌలు తాను ఇంకా గురి చేరలేదనీ, పరుగెత్తుతూనే ఉన్నాననీ రాస్తాడు. చదవడం అయ్యాక, ఈ మధ్యే మా వీధికి కోడలిగా వచ్చిన అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "ఆంటీ, బాప్తిస్మం తీసుకున్న రోజు నాకు ఎంత సంతోషంగా ఉందో! ఇప్పుడు పొద్దున లేస్తే వంట, చంటిపిల్లాడు. ప్రార్థనకు కూర్చుంటే నిద్ర వస్తుంది. నా విశ్వాసం తగ్గిపోతోందేమోనని టెన్షన్‌గా ఉంది."

నేను ఏదో చెప్పబోయేలోపు, గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ అందుకుంది. ఆమెకు 80 దాటాయి. "నాకూ మా తోటికోడలికీ పొలం గట్టు దగ్గర తగువు వచ్చింది తల్లీ. ఏళ్ల తరబడి మాటల్లేవు. పరలోక ప్రార్థన రోజూ చెప్పేదాన్నే. 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అనే దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేదాన్ని. పోయిన ఏడు ఆమె ఇంటికి నేనే వెళ్లాను. ఇప్పుడు ఆ మాట గట్టిగా చెప్తున్నా. నాకైతే ఇప్పుడిప్పుడే వస్తోంది ప్రార్థన."

ఎవరూ వెంటనే మాట్లాడలేదు. నాకు కళ్లు చెమర్చాయి. అన్నేళ్లూ ఆమె ఆ ప్రార్థన మానలేదు, దేవుడూ ఆమెను విడిచిపెట్టలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే మా ఒంగోలు సంఘ చరిత్ర గుర్తొచ్చింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పేవారు. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని ఇప్పించి జనాన్ని బతికించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు, కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచారు. ఆ సంఖ్య చెప్పేటప్పుడు ఇప్పటికీ మా అందరికీ గర్వమే. నా మనసు మాత్రం జూలై 4 మీదికి పోతుంది. ఆ రెండు వేల మందీ తడి బట్టలు ఆరాక తమ పల్లెలకే కదా వెళ్లారు! అవే మాలమాదిగ వాడలు, అదే కూలి, అవే అవమానాలు. చాలామందికి అక్షరం రాదు. వాళ్లు విన్నదాన్ని కీర్తనలుగా పాడుకుంటూ, పల్లెల్లో బడిపంతుళ్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెడుతూ నిలబడ్డారు. అంతకు చాలా ముందే, 1866లో, తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని, ఆ తర్వాత ఊరూరా నడిచి తన వాళ్లకు సువార్త చెప్పాడు. నదిలో దిగడానికి ఒక పూట చాలు. నమ్మినదాంట్లో ఎదగడానికి వాళ్లకు బతుకంతా పట్టింది, కొంత వాళ్ల పిల్లల బతుకు కూడా. తన శిష్యుడు తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు ముందుగా అతని అవ్వ లోయినీ తల్లి యునీకేనీ తలుచుకోవడం నాకు అందుకే అంత ఇష్టం.

విశ్వాసాన్ని మళ్లీ రగిలించే ఉజ్జీవ సభలంటే నాకు గౌరవమే. మూడు రాత్రులు అక్కడ కూర్చుని కన్నీళ్లతో తీర్మానాలు చేసుకున్నవాళ్లు నిజంగా మారడం చూశాను. కానీ నన్ను ఎక్కువగా పెంచింది ఆ రాత్రులు కావు. డీఎస్సీ రాసిన రోజుల్లో ఉద్యోగం ఇమ్మని అడిగేదాన్ని, అది తప్పేం కాదు. అమ్మ మంచం పట్టినప్పుడు ఏం అడగాలో కూడా తెలియక కీర్తనల గ్రంథం తెరిచి, అందులోని మూలుగులే నా ప్రార్థనగా చదివాను. ఇప్పుడు, బడిలో వెనక బెంచీ పిల్లాడి మీద విసుక్కోకుండా ఉండే ఓపిక ఇమ్మని అడుగుతున్నాను. వింటానికి ఇది చిన్న విన్నపంలా ఉంటుంది. నాకు మాత్రం ఉద్యోగం కంటే ఇదే కష్టమైన వరంగా కనిపిస్తోంది.

మార్కు సువార్తలో విత్తనం చల్లినవాడు రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు, అది ఎలా మొలిచిందో అతనికే తెలియదు. చంటిపిల్లాడితో నిద్రలేని ఆ అమ్మాయికి ఈ మాట చెప్పాలనిపించింది. ఫోన్ చేశాను. శనివారం సాయంత్రం మా ఇంటికి రమ్మన్నాను, మార్కు మొదటి అధ్యాయం నుంచి ఇద్దరం కలిసి చదువుదామని. మొత్తం 16 అధ్యాయాలు, వారానికి ఒకటి. పిల్లాడు ఏడిస్తే మధ్యలో ఆపి, మళ్లీ వారం అక్కడి నుంచే మొదలుపెడతాం. పెద్దమ్మనూ పిలవమని ఆ అమ్మాయే అంది. పెద్దమ్మకు చూపు ఆనదు కాబట్టి మేము గట్టిగా చదవాలి.