ఉప్పాడ రోడ్డును తింటున్న సముద్రం

నిన్న కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డులో వెళ్తుంటే ఒక అల రాళ్లగుట్ట దాటొచ్చి సరిగ్గా బండి ముందు పడింది, ప్యాంటు, చెప్పులు అంతా ఉప్పునీళ్లే. రోడ్డు అంచున తారు పలకలు పలకలుగా విరిగి వేలాడుతోంది, కింద ఇసుక లేదు, ఖాళీ. టీ కొట్టు పెద్దాయన నీళ్ల వైపు చెయ్యి చూపించి "మా పాతిల్లు అదిగో, అక్కడుండేదండి" అన్నాడు. అక్కడ పడవలు తిరుగుతున్నాయి!

అందరం తుఫాన్లనే తిట్టుకుంటాం గానీ అసలు గొడవంతా ఇసుకది. మన తూర్పు తీరంలో అలలు ఏటవాలుగా కొడుతూ, ఏడాది మొత్తం మీద చూస్తే, ఇసుకను ఎక్కువగా ఉత్తరానికే నెడతాయి. గోదావరి తెచ్చిపోసిన ఇసుక అలా పోగుపడే కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఏర్పడింది, దాదాపు 16 కిలోమీటర్ల దిబ్బ. అది అడ్డుండబట్టే కాకినాడ రేవులో నీళ్లంత నిలకడ. మరి ఇసుకంతా అక్కడే ఆగిపోతే ఇంకా ఉత్తరాన ఉన్న ఉప్పాడకు మిగిలేదేంటి? పైగా ఆనకట్టలొచ్చాక నది మోసుకొచ్చే ఒండ్రే తగ్గిపోయింది. అల మాత్రం తన వాటా రోజూ పట్టుకుపోతూనే ఉంది.

రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబ్ (గట్టి సింథటిక్ బట్టతో చేసిన పెద్ద గొట్టం) గోడ కట్టారు, అదీ దెబ్బతింది. (తుఫాను వెలిశాక ఇదే ఒడ్డున జనం బంగారు రవ్వల కోసం ఇసుక వెతుకుతారు, అదింకో పోస్టు.)

జామ్‌దానీ చీరలకని వెళ్లేవాళ్లు, సముద్రం పోటు మీదుంటే ఈ రోడ్డు వద్దు, పిఠాపురం మీదుగా వెళ్లండి.