ఆ సన్న పైపు కింద బకెట్ పెట్టిన రాత్రి

నాలుగేళ్ల కింద మా ఇంట్లో ఆర్వో ఫిల్టర్ పెట్టించాం. బిగించడానికి వచ్చిన అబ్బాయి, దాని వెనక నుంచి వచ్చే సన్న పైపును సింకులోకి వదిలేసి వెళ్లిపోయాడు. మేమూ పట్టించుకోలేదు. చూసింది మా అత్తమ్మ. ఒకరోజు వంటింటి గడప దగ్గర నిలబడి చాలాసేపు ఆ పైపునే చూసి, "గన్ని నీళ్లు ఎటు పోతున్నయి బిడ్డా?" అని అడిగింది.

"అవి పనికిరాని నీళ్లు అత్తమ్మా" అన్నాను.

"నీళ్లల్ల పనికిరానియి కూడ ఉంటయా?" అంది. ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. రాత్రి ఆ పైపు కింద బకెట్ పెట్టి చూశాను. ఇరవై లీటర్ల క్యాను ఒకటి నిండేసరికి బకెట్ మూడుసార్లు నిండింది. అప్పటిదాకా ఎన్ని క్యాన్లు పట్టామో, ఎన్ని బకెట్లు మోరీలో పోశామో లెక్కేసుకుంటే కడుపులో తిప్పినట్టైంది.

మా అత్తమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు. అక్కడి బోరు నీళ్ల సంగతి నల్లగొండ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, వాళ్ల ఊళ్లో అంతకు మించిన నీళ్లే తరాల తరబడి తాగారు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, 'నల్లగొండ టెక్నిక్' అని. ఆ పేరు ఎక్కడ చదివినా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ నీళ్ల వల్లే అత్తమ్మకు మోకాళ్లు పూర్తిగా వంగవు, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. చిన్నప్పుడు నెత్తిన ఒకటి, సంకన ఒకటి బిందెలు పెట్టుకుని మంచినీళ్ల బాయికి పొలాల మీదుగా నడిచేవాళ్లట. అలా తెచ్చిన నీటిని వాళ్లమ్మ చెంబు లెక్కన ఇచ్చేదట.

మరునాటి నుంచి ఆ పైపు నీళ్లన్నీ బకెట్లలో పట్టడం మొదలుపెట్టాను. గిన్నెలు తోమడానికి, ఇల్లు తుడవడానికి, బాత్రూంలో పోయడానికి బాగానే పనికొచ్చాయి. ఒక్క పొరపాటు చేశాను. మిగిలినవి మందార చెట్టుకు పోశాను. నెల తిరక్కుండానే ఆకుల అంచులు కాలినట్టు ఎర్రబారాయి. అప్పుడు మేం ఫిల్టర్‌కు ఇస్తున్నది బోరు నీళ్లు. అందులోని ఉప్పు చాలావరకు ఆ వదిలేసే నీళ్లలోకే వస్తుంది, ఫ్లోరైడ్ కూడా. వారం రోజులు నల్లా నీళ్లు పోస్తే గానీ చెట్టు తేరుకోలేదు. మీరూ పడుతుంటే కుండీలకు మాత్రం పోయకండి.

తర్వాత రెండు సీసాల్లో నీళ్లు పట్టి, ఒకటి బోరువి, ఒకటి నల్లావి, ల్యాబ్‌లో పరీక్ష చేయించాను. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ రెండు దాటింది. నల్లా నీళ్లలో ఒకటి లోపే ఉంది, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కూడా లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్ చూపించదు, దాన్ని నమ్ముకుని నిర్ణయాలు చేయకండి. బోరు నీళ్లే దిక్కైన ఇంట్లో ఫిల్టర్ ఉండాల్సిందే. మాకు మాత్రం నల్లా నీళ్లు చాలు. కాచి, చల్లార్చి, రంజన్‌లో, అంటే మట్టి కుండలో, పోసుకుంటున్నాం. ఫిల్టర్ ప్లగ్ తీసేసి ఏడాది దాటింది.

రంజన్ కింద ఇసుక పోసి తడుపుతాను, చుట్టూ తడి గోనెసంచి కడతాను. మే నెల ఎండల్లో కూడా గొంతులోకి చల్లగా దిగుతాయి. ఫ్రిజ్‌లో సీసాలు పెట్టడం మానేశాం, తలుపు మాటిమాటికీ తీసే పనీ తప్పింది.

బియ్యం కడిగిన మొదటి నీళ్లు పక్కింటి బర్రెకు కుడితిలోకి పోతాయి. రెండోసారివి కరివేపాకు మొక్కకు. వంటింటి నల్లా చుక్కచుక్కగా కారుతుంటే ఒక రాత్రి కింద బిందె పెట్టాను, తెల్లారేసరికి సగానికి వచ్చింది. కొత్త వాషర్ పది రూపాయలు. ఇంతకాలం ఎందుకు వేయించలేదో నాకే అర్థం కాలేదు.

మన నల్లాల్లో వచ్చే కృష్ణ నీళ్లు మన దాకా వాటంతట అవి పారి రావు. నాగార్జునసాగర్ ఒడ్డున పుట్టంగండి దగ్గర పెద్ద పెద్ద మోటార్లతో ఎత్తి పోస్తే అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి పానగల్లులోని ఉదయ సముద్రం చెరువుకు వస్తాయి. కందూరు చోడ రాజుల కాలం నాటి ఆ చెరువులో ఇవాళ సాగర్ నీళ్లు నిలుస్తున్నాయి. అంటే మనం పారబోసే ప్రతి చెంబు వెనక అంత కరెంటు ఉంది. మా అమ్మాయికి ఇది చెప్పాక, పళ్లు తోముకునేటప్పుడు నల్లా తనే కట్టేస్తోంది.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను కాబట్టి ప్లాస్టిక్ సంచులు మానడం తేలికైంది. మిగిలిన ముక్కలు జోడించి సంచులు కుట్టి, బట్ట తీసుకోవడానికి వచ్చినవాళ్లకు అందులోనే పెట్టి ఇస్తున్నాను. ఒకావిడ మళ్లీ అదే సంచిలో కొత్త బట్ట తెచ్చింది, ఆ రోజు ఎంత సంబరపడ్డానో.

పోయిన బతుకమ్మకు గునుగు పూలకు రంగులు అద్దడం కూడా ఆపేశాను. ముందు మా అమ్మాయి ఒప్పుకోలేదు, అందరి బతుకమ్మా గులాబీ, నీలం రంగుల్లో ఉంటే మనది వెలవెలబోతుందని ఏడుపు ముఖం పెట్టింది. అత్తమ్మ కూర్చున్న చోటి నుంచే చెప్పింది: "గా రంగు చెర్లనే కలుస్తది బిడ్డా. మన నీళ్లల్ల మనమే కలుపుకుంటమా?" తెల్ల గునుగు మధ్య తంగేడు పసుపు, మీద బంతి, కట్ల పూల వరుస. పేర్చాక మా అమ్మాయే దూరం నుంచి నిలబడి చూసి ఫొటో తీసుకుంది.

ఈ ఎండాకాలానికి రంజన్ పాతబడింది, అడుగున సన్నగా చెమ్మ కారుతోంది. ఆదివారం కుమ్మరి దగ్గర కొత్తది తేవాలి. పాతదాంట్లో మట్టి నింపి పుదీనా వేద్దామని అత్తమ్మ ఇప్పటికే చోటు చూసి పెట్టింది.