కామెర్లు అనుకున్నాం

నిరుడు ఆషాఢంలో మా రామంతాపూర్ గల్లీలో బోనాల డప్పులు మోగుతుంటే నేను మంచం దిగలేకపోయాను. అప్పటికే నెల రోజులుగా నీరసం, కీళ్ల నొప్పులు. నలభై మూడేళ్లొచ్చాయి, ఇంటి పనికి తోడు బడిలో పాఠాలు, అందుకే అనుకున్నాను. పండక్కి వచ్చిన తమ్ముడు నా మొహం చూసి, "అక్కా, కళ్లు పచ్చగా ఉన్నాయి" అన్నాడు.

అత్తయ్య ఊరి నుంచి పసరు మందు తెప్పించింది. ప్రేమతోనే చేసింది. ఆ పసరుతో వాళ్ల ఊళ్లో చాలామందికి తగ్గింది కూడా. ఎందుకు తగ్గిందో నాకు తర్వాత అర్థమైంది. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది, పేరు పసరుకు వస్తుంది. నాది అది కాదు. మూడు వారాలు ఉప్పు, నూనె లేని పత్యం చేశాను. ఉన్న సత్తువ కూడా పోయింది. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

చివరికి తమ్ముడే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ 9. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ 860, అది నలభై దాటకూడదు. ఎ, బి, సి, ఇ వైరస్‌లేవీ లేవు. మద్యం అలవాటుందా, కషాయాలేమైనా తాగారా అని డాక్టర్ గారు గుచ్చి గుచ్చి అడిగారు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరికి లివర్ ఇలాగే దెబ్బతిందట. నేను అవేవీ ముట్టలేదు. రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీలు, ఐజీజీ మాత్రం 2,900 ఉంది, 1,600 లోపు ఉండాలి. "బయాప్సీ చేస్తేనే, అంటే లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూస్తేనే ఖాయంగా తెలుస్తుందమ్మా" అన్నారు.

రక్తం సరిగ్గా గడ్డకడుతోందని చూసుకున్నాక, కుడి పక్కటెముకల మధ్య మత్తిచ్చి, స్కానింగ్‌లో చూస్తూ సూది దించారు. ఊపిరి బిగబట్టమన్నారు. టక్కున ఒక చప్పుడు, అంతే. దారప్పోగులాంటి ముక్క, రెండు సెంటీమీటర్లు కూడా లేదు.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఉల్లిపొర స్లైడ్ చూపించే సైన్స్ టీచర్ని. నా ముక్కను నేనూ చూడాలనిపించి అడిగాను. పాథాలజీ మేడమ్ విసుక్కోకుండా పక్కన కూర్చోబెట్టుకున్నారు. గులాబీ రంగు కణాలు, వాటిలో ఊదా చుక్కలు. రక్తనాళం, పిత్తనాళం కలిసి వెళ్లే చోటును పోర్టల్ ట్రాక్ట్ అంటారట. దాని చుట్టూ లివర్ కణాలు చెరువు గట్టులా వరుసగా ఉండాలి. నా స్లైడ్‌లో ఆ గట్టు తెగిపోయి ఉంది. లోపలి నుంచి ఊదా కణాలు గుంపులుగా పొంగి పక్క కణాలను తినేస్తున్నాయి. వాటిలో కేంద్రకం ఒక పక్కకు ఒరిగినవి చాలా ఉన్నాయి. "ఇవి ప్లాస్మా కణాలు, యాంటీబాడీలు తయారుచేసేవి ఇవే" అన్నారు. నా రక్షణ వ్యవస్థే నా లివర్‌ను శత్రువనుకుంటోంది. ఆటోఇమ్యూన్ హెపటైటిస్.

పోల్చుకోవడానికి ఫ్యాటీ లివర్ స్లైడ్ కూడా పెట్టారు. నిండా గుండ్రటి తెల్లటి ఖాళీలు. స్లైడ్ తయారుచేసేటప్పుడు కొవ్వు కరిగిపోయి మిగిలిన చోట్లవి. మద్యం వల్ల వచ్చినా, షుగరూ బరువూ వల్ల వచ్చినా దాదాపు ఒకేలా కనిపిస్తుందట, అందుకే రోగిని అడగకుండా తేల్చలేమన్నారు. నా లివర్‌లో పీచు కట్టడం, అంటే దెబ్బతిన్న చోట మచ్చలా గట్టిపడటం, రెండో దశలో ఉంది. నాలుగో దశ సిరోసిస్. "సమయానికే వచ్చారు" అని మేడమ్ అన్నప్పుడు ఏడుపు ఆగలేదు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా తగ్గించారు, రక్షణ వ్యవస్థ జోరు తగ్గించే అజాథయోప్రిన్ కలిపారు. స్టెరాయిడ్‌తో ఆకలి విపరీతం. బతుకమ్మ నాటికి మొహం ఉబ్బి గుండ్రంగా అయింది. "ఒళ్లు చేశావే" అని వాకిట్లో ఆడవాళ్లు సంతోషపడితే, అత్తయ్య నా చేయి గట్టిగా పట్టుకుంది.

సంక్రాంతికి ఏఎల్‌టీ 34కు దిగింది. ఐజీజీ నార్మల్ కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కనీసం రెండేళ్లు ఇలాగే ఉంటేనే మాత్రలు ఆపడం గురించి ఆలోచిద్దామన్నారు డాక్టర్ గారు. మూడు నెలలకోసారి రక్తమిచ్చి వస్తున్నాను. ఆ రోజు తోడుకు అత్తయ్యే వస్తుంది.